ఇద్దరిదీ పసుపే అయితే ఎవరు మార్చుకోవాలి? జెర్సీ రంగులు, కంటి లెక్కలు

2022 మార్చి 20, ఆదివారం. హోలీ వెళ్ళి రెండు రోజులే అయింది. జుగ్సలాయి సందుల్లో గోడల మీద గులాబీ, ఆకుపచ్చ మరకలు ఇంకా పోలేదు. టాటానగర్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న మా మావయ్య ఇంట్లో ఆ రాత్రి టీవీ ముందు పది మందిమి ఇరుక్కుని కూర్చున్నాం. గోవాలోని ఫతోర్డా మైదానంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు హైదరాబాద్ ఎఫ్‌సీ, మరోవైపు కేరళ బ్లాస్టర్స్.

ఆ ఇంట్లో హైదరాబాద్‌కు మద్దతు ఇవ్వడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, తెలుగువాళ్ళం. శ్రీకాకుళం, విజయనగరం నుంచి రైలు పనికో, ఉక్కు కర్మాగారం పనికో వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు మావి. రెండోది కాస్త ప్రతీకారం. ఆ ఏడాది లీగ్ దశలో అందరికన్నా పైన నిలిచి షీల్డ్ గెలుచుకున్న జంషెడ్‌పూర్ ఎఫ్‌సీని అంతకు ఐదు రోజుల ముందే సెమీ ఫైనల్లో ఇంటికి పంపింది ఈ బ్లాస్టర్సే.

వీధి చివర ఉండే ఒక మలయాళీ కుర్రాడు కూడా వచ్చి మా మధ్యలో ధైర్యంగా కూర్చున్నాడు. అతని బాధ ఆట మొదలవక ముందే మొదలైంది. బ్లాస్టర్స్ అంటే పసుపు. 2014లో క్లబ్ పుట్టినప్పటి నుంచీ అంతే. ఫతోర్డా స్టాండ్లలో ఎటు చూసినా పసుపు చొక్కాలే. కానీ మైదానంలోకి దిగిన బ్లాస్టర్స్ ఒంటి మీద నలుపు, నీలం జెర్సీలున్నాయి. పసుపు వేసుకున్నది హైదరాబాద్! "మా రంగు వాళ్ళకిచ్చి మమ్మల్ని చీకట్లో నిలబెట్టారు" అన్నాడు. "2019లో పుట్టిన క్లబ్ కోసం మేమెందుకు మార్చుకోవాలి?" మా తమ్ముడు ఊరుకుంటాడా? పట్టికలో పైనున్నవాళ్ళకే హక్కు అన్నాడు. మరొకరు, ఇద్దరూ మార్చుకుంటే సరిపోయేది కదా అన్నారు. వాదన పెద్దదైంది.

అప్పటిదాకా మాట్లాడకుండా వేరుశనగలు తింటున్న మావయ్య, "ఏటి గొడవ? ఎన్నేళ్ళకో నాకు ఎవరు ఎవరో తెలిసే మ్యాచు దొరికింది. చూడనివ్వండి" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఈ వ్యాసం ఆ మాట గురించే.

నియమం ఏం చెబుతుంది?

ఫుట్‌బాల్ ఆట నియమాల్లో నాలుగోది ఆటగాళ్ళ దుస్తుల గురించి. రెండు జట్లూ ఒకదాని నుంచి ఒకటి, అలాగే రిఫరీల నుంచి, తేడా తెలిసే రంగులు వేసుకోవాలి. గోల్‌కీపర్ రంగు మిగతా అందరికీ భిన్నంగా ఉండాలి. ఇద్దరు గోల్‌కీపర్ల చొక్కాలు ఒకే రంగువై, మార్చుకోవడానికి ఇంకోటి లేకపోతే మాత్రం రిఫరీ ఆట జరగనిస్తాడు. వాళ్ళిద్దరూ మైదానం రెండు చివర్లలో ఉంటారు కాబట్టి ఇది తెలివైన మినహాయింపే.

ఎవరు మార్చుకోవాలన్నది ఆయా పోటీల నిర్వాహకులు తేల్చే విషయం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ తొలినాళ్ళలో ఒక సులువైన దారి వెతికింది. ఏ రెండు క్లబ్బులూ ఒకేలాంటి రంగులు నమోదు చేసుకోకూడదంది. జట్లు పెరిగేకొద్దీ రంగులు చాలలేదు. తర్వాత ప్రతి జట్టూ రెండో జత చొక్కాలు ఉంచుకోవాలన్నారు. గొడవ వస్తే మార్చుకోవాల్సింది ఆతిథ్య జట్టే. ఇంటికొచ్చిన చుట్టానికి మంచం ఇచ్చి మనం చాప వేసుకున్నట్టు! 1921లో దాన్ని తిరగేసి, వచ్చిన జట్టే మార్చుకోవాలన్నారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల నడుస్తున్నది ఇదే. 2022 ఫైనల్ ఇద్దరికీ పరాయి మైదానమే. లీగ్ దశలో హైదరాబాద్ రెండో స్థానంలో, బ్లాస్టర్స్ నాలుగో స్థానంలో నిలిచాయి కాబట్టి పసుపు హైదరాబాద్‌కు దక్కింది.

నియమంలో అసలు చిక్కు ఎవరు మార్చుకోవాలన్నది కాదు. "తేడా తెలిసే" అన్న మాట దగ్గర ఉంది చిక్కంతా. ఎవరి కంటికి తెలియాలి?

మావయ్య కంట్లో ఏముంది?

మావయ్యకు కుర్రతనంలో రైలింజను డ్రైవరు కావాలని కోరిక. ఇంటి పక్కనే పట్టాలు, రోజంతా ఇంజన్ల కూతలు; ఆ కోరిక పుట్టకపోతేనే వింత. వైద్య పరీక్షలో రంగు చుక్కలతో నిండిన ఒక పుస్తకం చూపించి, అందులో ఏ అంకె కనిపిస్తోందని అడిగారట. అది జపాన్ కంటి వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన పరీక్ష. మావయ్యకు కొన్ని పేజీల్లో అంకే కనిపించలేదు, చుక్కలు తప్ప. అలా ఆయన జీవితం బల్ల ముందు కాగితాల పనిలో గడిచింది. ఎరుపు సిగ్నల్‌నూ ఆకుపచ్చ సిగ్నల్‌నూ రాత్రిపూట దూరం నుంచి విడదీసి గుర్తించాల్సిన పనికి ఆ పరీక్ష అవసరమేనని ఆయనే ఒప్పుకుంటాడు.

కంటి వెనుక తెర లాంటి రెటీనాలో రంగులు పసిగట్టే శంకు కణాలు మూడు రకాలు. ఒక రకం సుమారు 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే నీలి ఊదా వైపు, ఎక్కువగా స్పందిస్తుంది. రెండోది సుమారు 530 దగ్గర, మూడోది సుమారు 560 దగ్గర. చివరి రెండింటి మధ్య తేడా 30 నానోమీటర్లే అని గమనించండి. పాఠ్యపుస్తకాల్లో వాటిని ఆకుపచ్చ కణాలు, ఎరుపు కణాలు అంటారు గానీ రెండూ దాదాపు ఒకే కాంతికి స్పందిస్తాయి, కాస్త అటూ ఇటూగా.

ఒక్క శంకు కణానికి రంగు తెలియదు. తనమీద పడ్డ కాంతికి ఎంత స్పందించిందో మాత్రమే అది చెప్పగలదు. కరెంటు మీటరు చూసి ఇంట్లో ఫ్యాను తిరిగిందో బల్బు వెలిగిందో చెప్పగలమా? ఇదీ అంతే. మసక ఆకుపచ్చ కాంతీ, ప్రకాశవంతమైన ఎరుపు కాంతీ ఒకే కణంలో ఒకే స్పందన పుట్టించవచ్చు. రంగు తెలిసేది రెండు రకాల కణాల స్పందనలను పోల్చి చూసినప్పుడే. ఎర్ర చొక్కా వెనక్కి పంపే కాంతి ఎక్కువగా 600 నానోమీటర్లకు పైన ఉంటుంది. అక్కడ మూడో రకం కణం రెండోదానికన్నా గట్టిగా స్పందిస్తుంది. ఆ తేడాయే మనకు ఎరుపు.

ఇప్పుడు ఈ రెండు కణాల్లో ఒకటి లేకపోయినా, ఉండీ దాని స్పందన రెండోదానికి మరీ దగ్గరగా జరిగిపోయినా, పోల్చడానికి తేడా మిగలదు. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, మెరూన్ అన్నీ ఒకే కుటుంబంలో కలిసిపోతాయి. దీన్నే వర్ణాంధత్వం అంటున్నాం. ఆ పేరు నాకు నచ్చదు. మావయ్య లోకం నలుపు తెలుపు సినిమా కాదు. నీలం, పసుపు ఆయనకు చక్కగా తెలుస్తాయి. మిరప తోటలో పండిన కాయను పచ్చి కాయల మధ్య వెతకమంటే మాత్రం చేత్తో తడుముతాడు.

రసాయన శాస్త్రంలో పరమాణు సిద్ధాంతంతో మనకు తెలిసిన జాన్ డాల్టన్‌ది ఇదే తీరు. 1794లో తన కంటి సంగతి తానే వివరించి చెప్పాడు. కంటిలోని ద్రవం నీలంగా ఉండటమే కారణమని ఆయన అనుకున్నాడు, తాను పోయాక పరీక్షించమన్నాడు. ద్రవం నీలంగా లేదు. కానీ భద్రపరిచిన ఆ కంటి కణజాలంలోని డీఎన్‌ఏను 1995లో పరీక్షిస్తే, మధ్య తరంగదైర్ఘ్యాల కణానికి సంబంధించిన జన్యువు లేదని తేలింది.

మేనమామ పోలిక

మా ఇంట్లో మావయ్య తర్వాత ఈ లక్షణం మా తమ్ముడికి వచ్చింది. నాకు రాలేదు. మావయ్య సొంత కొడుక్కీ లేదు. "అన్నీ మేనమామ పోలికలే" అని అమ్మమ్మ నవ్వుతూ అనేది. ఆవిడ తెలియక చెప్పిన జన్యుశాస్త్రం అది.

ఆ రెండు శంకు కణాల జన్యువులూ ఎక్స్ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. తండ్రి కొడుక్కిచ్చేది వై. అందుకే మావయ్య కంటి తీరు ఆయన కొడుక్కి అందే దారి లేదు. కూతురికి మాత్రం ఆయన ఎక్స్ తప్పకుండా వెళుతుంది. తల్లి నుంచి వచ్చిన మంచి ఎక్స్ ఆదుకోవడం వల్ల ఆమెకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆమె కొడుక్కి మాత్రం సగానికి సగం అవకాశం ఉంటుంది. అమ్మమ్మ నుంచి మా అమ్మకూ, అమ్మ నుంచి తమ్ముడికీ వచ్చిన దారీ ఇదే. నాకు అమ్మ రెండో ఎక్స్ దక్కింది, అంతే తేడా.

యూరప్ మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. భారతదేశంలో జరిగిన చాలా సర్వేల్లో ఇంతకన్నా తక్కువ శాతమే కనిపించింది. మహిళల్లో ఎంత ఉండాలో లెక్క వేయవచ్చు. రెండు ఎక్స్‌లూ లోపంతో ఉండాలి కాబట్టి 0.08ని 0.08తో గుణిస్తే 0.64 శాతం వస్తుంది. నిజంగా కనిపించేది సుమారు 0.4, 0.5 శాతం. ఈ చిన్న తేడాకూ కారణం ఉంది. లోపాలు రెండు రకాలు. తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం వస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. పురుషుల్లో ఒకటి 2 శాతం, మరొకటి 6 శాతం అనుకుని విడివిడిగా వర్గం చేసి కూడితే సరిగ్గా 0.4 శాతం వస్తుంది. కాగితం మీద ఈ లెక్క సరిపోయిన రోజున, ఎంఎస్సీ చదివేటప్పుడు కలగని ఆనందం కలిగింది నాకు.

మనదేశానికి జాగ్రత్తగా 4 శాతమే అనుకుందాం. మైదానంలో ఉన్న 22 మంది మగ ఆటగాళ్ళలో కనీసం ఒకరికి ఈ లక్షణం ఉండే అవకాశం? ఒక్కరికీ లేకపోవడానికి అవకాశం 0.96ను 22 సార్లు గుణించినంత, అంటే 0.41. కాబట్టి కనీసం ఒకరికి ఉండే అవకాశం 59 శాతం. 8 శాతం అనుకుంటే 84 శాతం. స్టాండ్లలోనో టీవీ ముందో ఉన్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

రంగు పేరు కాదు, వెలుగు తేడా

జెర్సీ రంగులు ఢీకొంటున్నాయా అని మనం రంగు పేర్లతో ఆలోచిస్తాం. ఎరుపు, ఆకుపచ్చ అంటే వేరు వేరు పేర్లు, గొడవ లేదనుకుంటాం. కంటి చూపు అలా పనిచేయదు. రంగు ఒక సంగతి, దాని వెలుగు స్థాయి మరో సంగతి. ఆకారాల అంచులనూ కదలికలనూ పసిగట్టడంలో కన్ను ఎక్కువగా ఆధారపడేది రెండోదాని మీదే.

తెర మీద పూర్తి తెలుపు వెలుగును 100 అనుకుంటే, పూర్తి పసుపు 93 దాకా ఉంటుంది. పూర్తి ఎరుపు 21. పూర్తి నీలం 7. మామూలు ముదురు ఆకుపచ్చ 15, మరికాస్త ముదురుదైతే 9. మెరూన్ 5. ఇవి తెర రంగుల లెక్కలు, గుడ్డకు అచ్చంగా ఇవే వర్తించవు. అయినా పోల్చి చూడటానికి పనికొస్తాయి. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని తయారుచేసిన ప్రమాణాల్లో ఒక సులువైన సూత్రం ఉంది. రెండు విలువలకూ 5 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి. బొమ్మలు, పెద్ద అక్షరాల విషయంలో జవాబు కనీసం 3 ఉండాలంటారు.

పసుపు, తెలుపు పెట్టి చూడండి. 105ను 98తో భాగిస్తే 1.07. అంటే పేర్లు వేరైనా వెలుగు ఒక్కటే. ఎరుపు, ఆకుపచ్చ (15 విలువది) అయితే 26ను 20తో భాగించాలి. జవాబు 1.3. మూడు రకాల కణాలూ బాగున్నవాడికి రంగు తేడా ఆదుకుంటుంది. మావయ్యకు ఆ ఆదరువు లేదు, ఈ 1.3 కూడా చాలదు. ఇక ఆ రాత్రి ఫైనల్ చూడండి. పసుపు, నలుపు: 98ను 5తో భాగిస్తే దాదాపు 20. నీలం చారల దగ్గర కూడా 8. మలయాళీ కుర్రాడు చీకటి అన్న ఆ జెర్సీలే మావయ్యకు అంత స్పష్టంగా కనిపించాయి.

ఆయనకు తెలిసే మ్యాచులు అరుదా అని అడిగితే కోల్‌కతా పెద్ద పోటీ గురించి చెప్పాడు. మోహన్ బగాన్‌ది ఆకుపచ్చ, మెరూన్. ఈస్ట్ బెంగాల్‌ది ఎరుపు, బంగారు రంగు. మోహన్ బగాన్ చొక్కా మీద చారలున్నాయని ఆయనకు ఎవరో చెబితేనే తెలిసిందట. ఆకుపచ్చ 9, మెరూన్ 5 కదా, ఒకదాంట్లో ఒకటి మునిగిపోతాయి. అయితే ఆ మ్యాచు చూడగలుగుతాడు. కారణం ఈస్ట్ బెంగాల్ బంగారు చార. దాని వెలుగు సుమారు 70. ఎరుపుతో సగం సగం కలిస్తే 46, ఆకుపచ్చ మెరూన్ కలిస్తే 7. సూత్రం ప్రకారం 51ను 12తో భాగిస్తే 4.25. బంగారు చార లేకుండా వట్టి ఎరుపు అయితే 2.2కి పడిపోతుంది. మా ఊరి జట్టు జంషెడ్‌పూర్‌ది ఎరుపే. జంషెడ్‌పూర్, మోహన్ బగాన్ ఇంటి రంగుల్లోనే ఎదురుపడితే మావయ్యకు కష్టకాలం అన్నమాట.

ఎరుపుతో ఇంకో మెలిక ఉంది. ఎక్కువ తరంగదైర్ఘ్యాల శంకు కణాలు లేనివాళ్ళకు ఎరుపు మనకన్నా చాలా ముదురుగా, నలుపుకు దగ్గరగా కనిపిస్తుంది. అలాంటివారికి ఎరుపు, నలుపు కూడా గొడవే. అందుకే ఫోన్‌లో ఫోటోను నలుపు తెలుపుగా మార్చి చూసే పరీక్ష మంచిదే గానీ ఎరుపు ఉన్నచోట దాన్ని పూర్తిగా నమ్మకూడదు.

చారల జెర్సీలు దూరం నుంచి ఏమవుతాయో కూడా చూద్దాం. ఐదు సెంటీమీటర్ల చార 100 మీటర్ల దూరం నుంచి కంటి దగ్గర చేసే కోణం 1.7 నిమిషాలు. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం. మంచి చూపు విడదీయగలిగేది సుమారు ఒక నిమిషం. అంటే చార ఉందని అంతంతమాత్రంగా తెలుస్తుంది. రంగుల తేడాను విడదీసే శక్తి ఇంతకన్నా తక్కువ కాబట్టి ఎరుపు, పసుపు చారలు కలిసి నారింజ ముద్ద అవుతాయి. టీవీ ప్రసారం ఈ బలహీనతను తెలిసే వాడుకుంటుంది. మామూలు డిజిటల్ వీడియోలో నాలుగు పిక్సెళ్ళకు నాలుగు వెలుగు విలువలు పంపితే, రంగు సమాచారం మాత్రం నాలుగింటికీ కలిపి ఒక్క జతే పంపుతారు. మనకు తేడా తెలియదు కాబట్టి చెల్లిపోతోంది. దూరపు షాట్‌లో చిన్న ఫోన్ తెర మీద చీమల్లా పరిగెత్తే ఆటగాళ్ళ విషయంలో మాత్రం కంటికి చివరికి మిగిలేది వెలుగు తేడాయే.

పాఠం నేర్పిన మ్యాచులు

1978 ప్రపంచ కప్, అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతా. జూన్ 10న ఫ్రాన్స్, హంగరీ రెండూ తెల్ల జెర్సీలతోనే వచ్చాయి. మార్చుకోవడానికి వేరేవి లేవు. చివరికి కింబర్లీ అనే స్థానిక క్లబ్ నుంచి ఆకుపచ్చ, తెలుపు చారల చొక్కాలు అరువు తెచ్చుకుని ఫ్రాన్స్ ఆడింది, 3–1తో గెలిచింది కూడా. నలుపు తెలుపు టీవీలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక జట్టు లేత రంగు, మరొకటి ముదురు రంగు వేసుకోవాలన్న పట్టింపు బలంగా ఉండేది. రంగుల టీవీ వచ్చాక ఆ పట్టు సడలింది. రంగుల టీవీ వల్ల మావయ్యలాంటి వాళ్ళకు జరిగిన నష్టం ఇది.

1996 ఏప్రిల్ 13న సౌతాంప్టన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ బూడిద రంగు జెర్సీలు వేసుకుని సగం ఆటకు 0–3తో వెనకబడింది. విరామంలో నీలం, తెలుపు జెర్సీల్లోకి మారింది. చివరికి 1–3తో ఓడింది. తన ఆటగాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టలేకపోయారని కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ అన్నాడు. ఓడినవాళ్ళ సాకు అని నవ్వినవారు చాలామంది. నేను పూర్తిగా నవ్వను. పాస్ ఇచ్చేవాడు బంతి మీద చూపు నిలిపి, తోటివాడిని కంటి చివరతో పసిగడతాడు. రెటీనాలో శంకు కణాలు కిక్కిరిసి ఉండేది నడిమధ్య రెండు డిగ్రీల మేరకే. పక్కలకు పోయేకొద్దీ రంగు తేడా, ముఖ్యంగా ఎరుపు ఆకుపచ్చల తేడా, త్వరగా పలచబడిపోతుంది. అక్కడ వెనక జనం గుంపులో కలిసిపోయే మధ్యస్థ బూడిద రంగు వేసుకోవడం దాక్కున్నట్టే. మూడు గోల్సూ ఆ చొక్కా వల్లే పడ్డాయని మాత్రం ఎవరూ నిరూపించలేరు.

2015 నవంబరు 12న అమెరికన్ ఫుట్‌బాల్‌లో బఫలో బిల్స్ నిలువెల్లా ఎరుపు, న్యూయార్క్ జెట్స్ నిలువెల్లా ఆకుపచ్చ వేసుకుని దిగినప్పుడు ఎవరు ఎవరో తెలియడం లేదని వర్ణాంధులైన ప్రేక్షకులు మొత్తుకున్నారు. 2018 ప్రపంచ కప్ మొదటి మ్యాచు, రష్యా ఎరుపు, సౌదీ అరేబియా ఆకుపచ్చ. మళ్ళీ అదే ఫిర్యాదు. ఆ రోజుల్లోనే డెన్మార్క్ జట్టు ఆటగాడు థామస్ డెలానీ తనకూ ఈ లక్షణం ఉందని బయటపెట్టాడు. ప్రపంచ కప్ స్థాయి ఆటగాడే చెప్పాక, ఇది టీవీ ముందు కూర్చునేవాళ్ళ ఇబ్బంది మాత్రమే అనడం కుదరదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం అంతకుముందే, 2017లో, ఈ విషయంపై క్లబ్బులకు మార్గదర్శకాలు విడుదల చేసింది.

మనవడి సంగతి

ఫైనల్ 1–1తో ఆగి, పెనాల్టీల్లో హైదరాబాద్ 3–1తో గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. మలయాళీ కుర్రాడికి మావయ్యే టీ ఇచ్చి ఓదార్చాడు. అందరూ వెళ్ళాక అసలు సంగతి చెప్పాడు.

కూతురి కొడుక్కి ఎనిమిదేళ్ళు. పేటలో మైదానానికి ఆటకు వెళతాడు. సాధన మ్యాచుల్లో చొక్కాల మీద తొడిగే పల్చటి బనియన్లు అక్కడ ఎరుపు ఒక జట్టుకు, ఆకుపచ్చ ఇంకో జట్టుకు. వీడు బంతి బాగానే ఆడతాడు గానీ తరచుగా ఎదుటి జట్టువాడికి పాస్ ఇచ్చేస్తాడు. ధ్యాస లేదని నేర్పేవారు తిట్టారు. పిల్లలు వెక్కిరించారు. రెండు వారాలుగా కడుపునొప్పి అని ఇంట్లోనే ఉంటున్నాడు.

"అల్లుడూ, వాడికి ధ్యాస లేక కాదురా. నా కన్ను వచ్చింది వాడికి" అన్నాడు మావయ్య. మిరపకాయలు ఏరమని చూశాడట అప్పటికే.

మర్నాడు పొద్దున్న మైదానానికి వెళ్ళి ఆ బనియన్లు రెండూ పక్కపక్కన పరిచి ఫోన్‌లో ఫోటో తీశాను. నలుపు తెలుపులోకి మార్చి, నేర్పే ఆయనకు చూపించాను. ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. "ఏది ఎర్రది?" అని నన్నే అడిగాడు. చెడ్డవాడు కాదు. ఎవరూ చెప్పలేదు, అంతే. పేట మైదానాల్లో సాయంత్రం ఆటకు ఇంకో తిప్పలు కూడా ఉంటాయి. పాత సోడియం వీధి దీపాల వెలుగులో ఎక్కువ భాగం పసుపు నారింజల చుట్టూనే ఉంటుంది, నీలం చాలా తక్కువ. దాని కింద నీలం నల్లబడుతుంది, ఎరుపు గోధుమ అవుతుంది. ఎల్‌ఈడీలు లేనిచోట మనమందరం సగం వర్ణాంధులమే.

ఏ రంగులు కొనాలని ఆయన అడిగితే లేత పసుపు, ముదురు నీలం అని చెప్పాను. నీలాన్ని పసిగట్టే శంకు కణాల జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉంటుంది, మా అమ్మమ్మ ఇచ్చిన ఎక్స్‌తో దానికి సంబంధం లేదు. వెలుగు తేడా కూడా ఎనిమిది రెట్లు. కొత్తవి వచ్చేదాకా ఖర్చులేని ఉపాయం ఒకటుంది: ఒక జట్టు బనియన్లు తొడుక్కుని, రెండో జట్టు తెల్ల చొక్కాలతో ఆడటం.

పిల్లవాణ్ణి కంటి డాక్టరుకు చూపించాం. ఇషిహారా పుస్తకంలో అంకెలు రాని పిల్లల కోసం వేలితో గీత వెంట నడిపే పేజీలు కూడా ఉంటాయి. వాడు కొన్నింటి మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియక మా వైపు చూశాడు. పుట్టుకతో వచ్చే ఈ లక్షణానికి ప్రస్తుతం మందు లేదు, వయసుతో ముదరదు కూడా. బడిలో ఎర్ర సుద్ద వాడొద్దని, పటాల్లో రంగులతో పాటు పేర్లు కూడా రాయమని చెప్పమన్నారు డాక్టరు.

ఆ వారం చివర్లో వాడు మళ్ళీ మైదానానికి వెళ్ళాడు. మావయ్య గట్టు మీద కూర్చుని చూశాడు. ఇంటికొచ్చాక ఎన్ని గోల్స్ వేశాడని అడిగితే, "గోల్ లేదు గానీ, ఇచ్చిన పాసులన్నీ మనోళ్ళకే" అన్నాడు.